కమ్మీల మధ్య సందు

అతన్ని ఊళ్ళో అందరూ మిణుగురు అనేవాళ్ళు. పొద్దస్తమానం నిప్పురవ్వల మధ్య కూర్చునే మనిషి కాబట్టి ఆ పేరు పడింది. హైవే పక్కన వెల్డింగ్ షాపు అతనిది. విరిగిన ట్రాలీలు, ఊడిన లారీ తలుపులు, గేట్లు, మంచాలు, ఏది తెచ్చినా అతికించి పంపేవాడు.

"అన్నీ అతికిస్తావు గానీ నీ మాట మీద నువ్వు అతుక్కుని ఉండవేంట్రా" అని ఎదురుగా టీకొట్టాయన ఏడిపిస్తే, "దానికి సరిపోయే రాడ్డు దొరకలేదు బావా" అనేవాడు.

షాపును ఆనుకుని ఉన్న చిన్న గదిలో అతని వదిన, అంటే భార్యకు సొంత అక్క, కుట్టుమిషను పెట్టుకుంది. భర్త పోయాక రోడ్డుకు అవతలి వైపు ఒక్కతే ఉండేది. చిన్నప్పటి నుంచి ఆవిడ ఎడమ కాలు ఈడ్చి నడుస్తుంది. నోరు మాత్రం ఎక్కడా ఈడ్చేది కాదు.

ఊరు ఆ రోడ్డుకు రెండు వైపులా పెరిగింది. ఇవతల కొట్లు, బస్టాపు. అవతల బడి, ఆస్పత్రి, ఎక్కువ ఇళ్ళు. రోడ్డును వెడల్పు చేసినప్పుడు నడి మధ్యన మోకాలెత్తు దిమ్మె పోసి, దాని మీద ఛాతీ ఎత్తున ఇనుప కమ్మీలు నిలబెట్టారు. ఊరి మేర కమ్మీలు అతికే పని కాంట్రాక్టరు మిణుగురుకే ఇచ్చాడు. పని దొరికిందన్న సంబరంలో, ఆ కమ్మీలు ఎవరికి అడ్డమో అతనికి తట్టలేదు. పని పూర్తయ్యాక చూస్తే, ఎదురుగా కనిపిస్తున్న ఇంటికి వెళ్ళాలన్నా పక్క ఊరి దాకా పోయి తిరిగి రావాల్సి వచ్చింది.

పెద్దమనుషులు ఇంజనీరు దగ్గరికి వెళ్ళారు. ఆయన కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "మా డ్రాయింగులో ఇక్కడ దారి లేదండీ. నా చేతుల్లో ఏముంది చెప్పండి?" అన్నాడు. వాళ్ళు మంచినీళ్ళు తాగి వచ్చేశారు.

కుర్రకారు కమ్మీలెక్కి దూకడం మొదలుపెట్టారు. వదిన ఒకసారి ఎక్కబోయి చీర చిక్కుకుని కింద పడింది. మోచెయ్యి దోక్కుపోయింది. షాపు ముందుకొచ్చి నిలబడి అంది:

"ఏం మరిదీ, రోజూ దూకడానికి నేనేమన్నా మేకనా? నువ్వు కట్టిందేగా, నువ్వే విప్పు."

"కేసు పెడతారు వదినా."

"పెడితే ఊరంతా నీ వెనకే ఉంటుంది" అన్నాడు టీకొట్టాయన. అతని బేరం అప్పటికే సగం పడిపోయింది. చుట్టూ చేరినవాళ్ళంతా అవునవునన్నారు.

ఒక మిట్టమధ్యాహ్నం మిణుగురు గ్యాస్ కట్టరు తీసుకెళ్ళి ఒక మనిషి పట్టేంత సందు కోశాడు. నలుగురు అడ్డంగా నిలబడి బండ్లను ఆపారు. అందరికంటే ముందు వదినే అందులోంచి దాటింది. అవతల నిలబడి, "రండర్రా, నా పెళ్ళికి కూడా ఇంత జనం రాలేదు" అని నవ్వింది.

ఆ తర్వాత ఊళ్ళోకి కాస్త ఊపిరి వచ్చింది. పిల్లలు బడికి అటుగానే వెళ్ళేవారు. టీకొట్లో బల్లలు మళ్ళీ నిండాయి.

వానాకాలం మొదట్లో, సన్నటి జల్లు పడుతున్న ఒక ఉదయం, వదిన బడి పిల్లల బట్టల మూట చంకన పెట్టుకుని సందులోంచి ఇవతలికి దిగింది. బస్సు ఒకటి ఆవిడను చూసి నెమ్మదించింది. దాన్ని దాటబోయిన లారీ చూడలేదు. బ్రేకుల చప్పుడుకు మిణుగురు వెల్డింగు ముసుగు తీసి తలెత్తేసరికి రోడ్డు మీద తెల్ల చొక్కాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. లారీ డ్రైవరు దిగి, తల పట్టుకుని దిమ్మె మీదే కూలబడ్డాడు. "కనపళ్ళేదయ్యా, ఒట్టు, కనపళ్ళేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు.

శవాన్ని ఆస్పత్రికి పంపి, పోలీసులు సందు ఎవరు కోశారని అడిగారు. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. చివరికి టీకొట్టాయన నేల చూపులు చూస్తూ, "వెల్డింగు పని చేసేది ఊళ్ళో ఒక్కడే కదండీ" అన్నాడు. స్టేషన్లో కూర్చోబెట్టినప్పుడు మిణుగురు వెనక ఎవరూ లేరు. భార్య మాత్రం గేటు బయట నిలబడి ఉంది.

వదిలిపెట్టాక అతను నేరుగా షాపుకు వెళ్ళి, రాడ్లు తీసుకొచ్చి ఆ సందును మూసేశాడు. ఈసారి బండ్లను ఆపడానికి ఎవరూ రాలేదు. లారీలు హారన్లు కొట్టుకుంటూ వీపు వెనక నుంచి పోతూనే ఉన్నాయి.

ఇంట్లో భార్య అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు కొయ్యకపోయినా అక్క ఆ కాలితో కమ్మీలెక్కేది. ఎక్కి, ఎప్పుడో ఒకప్పుడు పడేది. అలా అనుకుందామని చూస్తున్నా. మనసు రావట్లేదయ్యా."

అతను కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

సందు మూతపడ్డాక జనం ఇటు రావడం మానేశారు. బస్టాపును పక్క ఊరి దగ్గరికి మార్చారు. టీకొట్టాయన బల్లలు తిరగేసి ఒకదాని మీద ఒకటి పెట్టాడు. ఒకరోజు షాపు ముందుకొచ్చి, లోపలికి రాకుండా గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"నన్ను తిట్టరా, పడతాను. కానీ మళ్ళీ తెరువు. మా కోడలికి నెలలు నిండాయి. ఆస్పత్రి అటుంది."

"నా వల్ల కాదు బావా."

"నువ్వు కాకపోతే ఇంకెవరు చేస్తార్రా?"

మిణుగురు ముసుగు దించుకున్నాడు.

చేసేవాళ్ళు దొరికారు. కొన్నాళ్ళకు మలుపు దగ్గర ఎవరో రంపంతో రెండు కమ్మీలు కోసేశారు. అక్కడైతే వచ్చే బండి దగ్గరికొచ్చేదాకా కనపడదు. కోసిన చోటల్లా ఇనుము కత్తి మొనల్లా నిక్కి ఉంది. బడి పిల్లలు చేతులు గీరుకుంటూ అందులోంచే దూరి పోతున్నారు.

మిణుగురు రాడ్లు తీసుకుని బయల్దేరాడు. దిమ్మె దగ్గర బ్యాగులు తగిలించుకున్న పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. మూసేస్తే వాళ్ళు పైకెక్కి దూకుతారు. వదిలేస్తే ఇలా దూరతారు. అతను వాళ్ళను, మలుపును మార్చి మార్చి చూశాడు. తర్వాత రాడ్లు కింద పెట్టి, జేబులోంచి ఆకురాయి తీశాడు. కోసిన మొనలు చేతులకు గుచ్చుకోకుండా ఒక్కొక్కటే నున్నగా అరగదీశాడు.

"అయిందా మామా? బెల్లు కొట్టేస్తారు" అంది ముందున్న పిల్ల.

అతను పక్కకు తప్పుకున్నాడు.