చేయి లేపొద్దన్నారు

"డాక్టర్ చేయి లేపమంటే సగం దాకనే లేపు. ఇగ లేస్తలేదు సార్ అని నేను చెప్త. నువ్ నోరు తెరవకు."

పప్పుకు పోపు పెడుతుంటే వెనక నిలబడి మా ఆయన శ్రీధర్ చెప్పిన పాఠం ఇది. నాకు నేర్పుతున్నాడు! పన్నెండేళ్లు కండక్టర్‌గా చేసి, తాగొచ్చి వాగిన వాళ్లను తిరుమలగిరి రోడ్డు మీద సంచీతో సహా దింపేసినదాన్ని నేను. నా నోరంటే డిపో అంతా హడల్. ఎనిమిది నెలల కింద డ్యూటీ దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చేయి పడిపోయాయి, మూతి వంకరపోయింది. కాలూ చేయీ మళ్లీ వచ్చాయి గానీ పూర్తిగా రాలేదు. మాట కూడా వచ్చింది, మెల్లగా. ఆ మెల్లదనం మా ఇంట్లో వాళ్లకు బాగా కలిసొచ్చింది. నేను ఒక్క మాట కూడబలుక్కునేలోపు మా అత్తా, మా ఆయనా నా బదులు నాలుగు మాట్లాడేస్తారు.

ఈ రోజు నాకు మెడికల్ పరీక్ష. ఫిట్ అని రాస్తే మళ్లీ డ్యూటీకి పోతాను. అన్‌ఫిట్ అని రాస్తే ఆ నౌకరి ఇంట్లో ఒకరికి ఇస్తారని ఎవరో శ్రీధర్ చెవిన వేశారు. స్పేర్‌పార్టుల షాపు మూసేసి రెండేళ్లుగా ఖాళీగా ఉన్న మనిషికి ఆ రోజు నుంచి నడకే మారిపోయింది. వచ్చే నెల నుంచి బస్సెక్కుతున్నానని చాయ్ హోటల్లో అప్పుడే చెప్పుకుంటున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

"మొగోడు సంపాదిస్తడు, నువ్ కూసోని తిను బిడ్డా. గీ కాలుతోటి బస్సెక్కితే నలుగురు నవ్వరా?" అంటుంది మా అత్త కాటమ్మ. కూర్చుని తినడమట! దవాఖాన నుంచి వచ్చిన నలభయ్యో రోజున "కూసుంటే కీళ్లు పట్టేస్తయి, మెల్లగ కదులు" అని నా ఎడమ చేతికి చీపురిచ్చింది ఈ అత్తే. రెండో నెలకు అంట్లు, మూడో నెలకు వంట. ఫిజియోథెరపీ దండగన్నారు, పిండి పిసికితే వేళ్లకు అదే కసరత్తన్నారు. ఈ ఇంట్లో ఒక్క పనికీ నన్నెవరూ అన్‌ఫిట్ అనలేదు.

అయినా నిజం చెప్పాలి కదా, భయం నాకూ ఉంది. కదిలే బస్సులో నిలబడలేకపోతే? పోయిన మంగళవారం దవాఖానకని ఇంట్లో అబద్ధం చెప్పి కోదాడ బస్సెక్కాను. ఆ బస్సు కండక్టర్ అనసూయ, నాతోపాటు ట్రైనింగ్ చేసిన పిల్ల.

"అక్కా, గీడ సీటున్నది, కూసో."

"కూసోను. కోదాడ దాక నిలబడి సూస్త."

అనసూయ నన్ను ఎగాదిగా చూసి, ఆడవాళ్ల ఫ్రీ టికెట్లకు ఆధార్ కార్డులు చూస్తూ టికెట్లు కొట్టుకుంటూ పోయింది. మునగాల దగ్గర బర్రె అడ్డమొచ్చి డ్రైవర్ బ్రేకు వేశాడు. నా కుడి మోకాలు మడతపడి ఒకామె మిరపకాయల సంచీ మీద పడ్డాను. "కండ్లు కనిపిస్తలేవా?" అని ఆమె దులిపేసింది. నాకెంత సంతోషమైందో! అయ్యో పాపం అనకుండా ఎనిమిది నెలల తర్వాత నన్నొక మనిషి తిట్టింది. నేనూ ఊరుకోలేదు, నత్తినత్తిగానే అయినా పూర్తిగా తిట్టాను. లేచి నిలబడి, కోదాడ దాకా అట్లాగే పోయాను. దిగాక కాళ్లు వణికి బస్టాండు బెంచీ మీద కూలబడి ఏడ్చాను. ఎందుకేడ్చానో ఇంట్లో చెప్పే పరిస్థితి లేదు.

డాక్టర్ గదిలో శ్రీధర్ తన కుర్చీని నా కుర్చీకి ఆనించి వేసుకున్నాడు. డాక్టర్ ఫైలులోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"చేయి ఎట్లుందమ్మా?"

"లేస్తలేదు సార్," అన్నాడు శ్రీధర్.

"నడక?"

"ఎవరన్న పట్టుకోవాలె సార్."

"ఇంట్లో పనులేమైనా చేసుకుంటుందా?"

"ఏం పని సార్! పుల్ల ఇరిచి పొయ్యిల పెడ్తలేదు. నేనూ మా అమ్మనే అన్ని చేసిపెడ్తున్నం. చంటిపిల్ల లెక్క సూసుకుంటున్నం."

నా ఒళ్లు మండిపోయింది. నౌకరి మీద ఆశపడ్డాడు, సరే, ఖాళీగా ఉన్న మనిషి బాధ అనుకుని ఊరుకుందును. ఇన్ని నెలలు ఒంటి చేత్తో, వణికే చేత్తో, ఏడుస్తూ చేసిన చాకిరీని ఒక్క మాటతో లేకుండా చేసేశాడు. డాక్టర్ కలం తీశాడు.

"కుడి చేయి లేపండమ్మా."

బల్ల కింద శ్రీధర్ మోకాలు నా మోకాలికి తగిలింది. సగం దాకా అని గుర్తుచేయడం అది.

లేపాను. భుజం దగ్గరికి రాగానే పట్టేసింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పళ్లు బిగబట్టి ఇంకా లేపాను, తల పైదాకా. చేయి గజగజ వణుకుతోంది. డాక్టర్ ఇప్పుడు ఫైలు వైపు చూడటం లేదు.

"సార్, ఆమెకు సమజ్ కాక—" అన్నాడు శ్రీధర్.

"మీరుండండి. ఆమెను చెప్పనివ్వండి."

నాకు మాటలు కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. డాక్టర్ ఆగాడు.

"బస్సుల నిలబడగల్గుతనా లేదా మీరే నిలబెట్టి సూడుండ్రి సార్. చాతకాకుంటే చాతకాదనే రాయుండ్రి, నేనేం అనుకోను. ఇంట్ల ఏం పని చెయ్యదని మాత్రం రాయకుండ్రి. ఈయన ఏసుకున్న అంగీ ఈ పొద్దుగాల నేనే ఇస్త్రీ చేసిన, ఈ చేత్తోనే. మడత ఏడన్న తప్పిందేమో సూడుండ్రి."