నన్నేసాహెబు పై పళ్ళు

నేను ఒక కట్టుడు పళ్ళ సెట్టును. నాది పెద్ద కుటుంబమేమీ కాదు. ముందుపళ్ళు నాలుగు, వాటి వెనక అంగిలికి ఆనుకునే గులాబీరంగు రేకు ఒకటి, అటూ ఇటూ ఉన్న అసలు పళ్ళను పట్టుకోవడానికి రెండు తీగ కొక్కేలు, అంతే. చీరాలలో ఒక పళ్ళ ల్యాబులో పుట్టాను. నన్ను చేసినవాడు నా రంగు ఎంచడానికి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మరీ తెల్లగా ఉంటే కట్టుడువని చూడగానే తెలిసిపోతుందట. అందుకని కాస్త టీ మరక, కాస్త వక్కపొడి మరక కలిసిన రంగు ఇచ్చాడు. మనుషులు అబద్ధాన్ని కూడా కొంచెం వాడినట్టుగా చేయించుకుంటారని నాకు అప్పుడే తెలిసింది.

నన్ను పెట్టుకున్నవాడి పేరు నన్నేసాహెబు. యోహాను మాస్టారి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. పెళ్ళి ఊరేగింపు వీధి మలుపు తిరగకముందే అతని పాట వినిపించేదట. ఆడవాళ్ళు పొయ్యి తగ్గించి అరుగు మీదికి వచ్చేవాళ్ళట. ఇవన్నీ నేను విన్న సంగతులే. చూసే భాగ్యం నాకు లేదు. ఆ రోజులు పోయాకే నేను వచ్చాను.

అవి పోయింది ఒక గుర్రం వల్ల. పేరాలలో ఒక ఊరేగింపులో టపాకాయల చప్పుడుకు పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం బెదిరి తల విసిరింది. దాని ముందే కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు నన్నేసాహెబు. ఆ దెబ్బకు క్లారినెట్ నోట్లోకి దిగబడింది. పై పళ్ళు నాలుగూ పోయాయి. పెళ్ళికొడుకు దిగి వచ్చి చేతులు పట్టుకున్నాడట. ఊరేగింపు మాత్రం ఆగలేదు. ముహూర్తం దగ్గర పడింది మరి.

నేను వచ్చాక అతను అన్నం తిన్నాడు, నవ్వాడు, నలుగురిలో నోరు తెరిచి మాట్లాడాడు. అంతవరకు నా పని నేను బాగానే చేశాను. కానీ క్లారినెట్ దగ్గర ఓడిపోయాను. ఆ వాయిద్యానికి కింది పెదవి మీద రీడు, అంటే ఊదితే అదిరే సన్నటి రెల్లు బద్ద, ఆనాలి, పై పళ్ళు మౌత్‌పీసు మీద గట్టిగా నిలబడాలి. అతను నన్ను దాని మీద ఆనించి ఊదగానే నేను కొక్కేల మీద ఊగాను. పాట రాలేదు, కీచుమని ఒక అరుపు వచ్చింది. అతుక్కునే పొడి చల్లి మళ్ళీ చూశాడు. మళ్ళీ ఊగాను. అతను రీడు తుడిచి పెట్టెలో పెట్టేశాడు.

యోహాను మాస్టారు అతన్ని వదులుకోలేదు. గింజలు పోసిన బుర్రలు రెండు చేతికిచ్చి, తాళానికి ఆడించమన్నాడు. ముందు వరసలో నిలబడి వాయించినవాడు ఆఖరి వరసలో బుర్రలు ఊపుకుంటూ నడిచాడు. తెలిసినవాళ్ళు ఎదురైతే నన్ను చూపిస్తూ నవ్వేవాడు. ఆ నవ్వులో నేను తప్ప ఇంకేమీ లేదని నాకొక్కదానికే తెలుసు.

కొన్నేళ్ళకు నేను వదులయ్యాను. తుమ్మితే జారేదాన్ని. హుస్సేన్‌బీ, అంటే అతని భార్య, కొత్త సెట్టు చేయించుకుందాం పదమని డాక్టర్ వాగ్దేవి దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు నన్ను తీసి పక్కన పెట్టి, ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి చూపించింది.

"సెట్టు తప్పేం లేదండీ. కింద ఎముకే కరిగిపోయింది. పన్ను ఉన్నన్నాళ్ళూ ఎముకకు పని ఉంటుంది. పన్ను పోతే పని లేక సన్నబడిపోతుంది. పైన ఈ రేకు ఒత్తిడి ఒకటి."

ఇన్నాళ్ళూ నేను కూర్చున్న చోటును నేనే అరగదీస్తున్నానన్నమాట. ఇల్లు అద్దెకిచ్చినవాడి గోడే తింటున్నానని వింటే ఎవరికైనా ఎలా ఉంటుంది?

"మళ్ళీ క్లారినెట్ వాయించేదానికి దారేమన్నా ఉందా డాక్టరమ్మా?" అని అడిగాడు నన్నేసాహెబు. కొత్త సెట్టు మాట అతను ఎత్తనే లేదు.

"ఉంది. ఎముకలోకి మరలు దించి, వాటి మీద పళ్ళు కడతాం. అవి ఊగవు. కానీ మర దించడానికి ఇప్పుడు మీకు ఎముక చాలదు. ముందు ఎముక పెట్టి పెంచాలి. జంతువుల ఎముకతో చేసిన పొడి ఉంటుంది. లేదంటే మీ ఎముకే మరోచోట నుంచి చిన్న ముక్క తీసి పెట్టొచ్చు. మీకైతే సొంత ముక్కే మంచిది. మామూలుగా గడ్డం దగ్గర తీస్తాం."

"గడ్డం దగ్గర తీస్తే ఏమవుద్ది?"

"కొందరికి కింది పెదవి కొన్నాళ్ళు మొద్దుబారుతుంది. చాలామందికి తగ్గిపోతుంది."

అతను కింది పెదవిని వేలితో తాకి చూసుకున్నాడు. "అక్కడొద్దమ్మా. రీడు ఆడేది ఈ పెదవి మీదే. ఇది మొద్దుబారితే పళ్ళొచ్చి ఏం లాభం?"

వాగ్దేవి ఎక్స్‌రేను మళ్ళీ వెలుతురుకు ఎత్తింది. "అయితే కింది దవడ వెనక, ఆఖరి పన్ను దాటాక తీస్తాను. అక్కడా జాగ్రత్తగా చెయ్యాలి. నాకు ఇంకొంచెం కష్టం, మీకు ఇంకొంచెం వాపు. సరేనా?"

"వాపుదేముందమ్మా," అన్నాడు.

ఆ పని జరిగిన రోజు నేను స్టీలు గిన్నెలో నీళ్ళలో ఉన్నాను. వెనక దవడ నుంచి తీసిన వేలిగోరంత ముక్కను ముందు అరిగిన చోట పెట్టి, చిన్న మేకులతో బిగించి, చిగురు మూసి కుట్టారు. వాపు దిగిపోయాక డాక్టరు నన్ను తీసుకుని, ఆ చోటు తగిలే మేర నా రేకును బాగా అరగదీసింది. కొత్త ఎముక మీద నా నీడ కూడా పడకూడదట. నలుగురిలోకి వెళ్ళేటప్పుడే పెట్టుకోవాలి, ఇంట్లో తీసెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెప్పింది.

"ఎముక అతుక్కునేదాకా ఊదకూడదు. బూర కూడా ఊదొద్దు. అది కదిలిందంటే మళ్ళీ మొదటికొస్తాం. ఈసారి తీయడానికి మంచి చోటు కూడా ఉండదు."

ఆ మాట యోహాను మాస్టారికి చెబితే ఆయన మంచం మీద నుంచే నవ్వాడు. అప్పటికే ఆయన ఊపిరితిత్తులు పాడై ఉన్నాయి. "తొందరగా బాగుచేసుకో నన్నే. నన్ను తీసుకుపోయేటప్పుడు నీ క్లారినెట్ ఉండాల. లేకపోతే నేను లేవను," అన్నాడు.

ఆయన ఆగలేదు. కుట్లు మానాయి గాని ఎముక ఇంకా పట్టలేదు, అప్పుడే ఆయన పోయాడని కబురొచ్చింది.

నన్నేసాహెబు పెట్టె తెరిచి క్లారినెట్ బిగించాడు. హుస్సేన్‌బీ గుమ్మంలో నిలబడింది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు ఆమె.

"ఏందయ్యా, ఊదతావా?"

"మాట అడిగాడు గదా ఆయన."

"ఆయన నిన్ను వాయించమంది ఇయ్యాల ఒక్కరోజుకా? బతికినన్నాళ్ళు వాయించమన్నాడు. నీ ఇష్టం, నేనడ్డం రాను." అని పక్కకు తప్పుకుంది.

అతను నన్ను పెట్టుకుని, క్లారినెట్ చంకన పెట్టుకుని నడిచాడు. దారంతా నాలుక వచ్చి నా వీపును తడుముతూనే ఉంది. ఊదుతాడో ఊదడో నాకు తెలియలేదు. అతనికీ తెలియదనుకుంటాను.

శవపేటికను పైకెత్తారు. ఊరేగింపు కదిలింది. ట్రంపెట్ అతను దగ్గరికొచ్చి, "అన్నా, నీ వంతు నేను ఊదుతాలే," అన్నాడు.

నన్నేసాహెబు తల అడ్డంగా ఊపి, "వద్దురా. నా వంతు వచ్చినప్పుడు అందరూ ఆపండి. డోలొక్కటే కొట్టించు," అన్నాడు.

పాట మొదలైంది. మొదటి చరణం అందరూ వాయించారు. రెండోది క్లారినెట్‌ది. ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. డోలు మాత్రం నడుస్తోంది. అతను క్లారినెట్‌ను పెదవులకు తాకించకుండా ఎదురుగా పట్టుకున్నాడు. వేళ్ళు మీటల మీద కదిలాయి. నాలుక ఒక్కో స్వరానికి ఒక్కోసారి వచ్చి నా వెనక తట్టింది. ఆ చరణం మొత్తం నా వీపు మీద వాయించాడు. వీధిలో ఎవరో, "అతంది చెడిపోయినట్టుందే, పలకటంలా," అన్నారు. బ్యాండువాళ్ళెవరూ తల తిప్పలేదు. సమాధుల దొడ్డిదాకా ప్రతి పాటలోనూ అతని వంతును అలాగే ఖాళీగా వదిలి నడిచారు.

ఇంటికొచ్చి నన్ను తీసి గ్లాసులో వేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. హుస్సేన్‌బీ అతన్ని అన్నానికి లేపలేదు.

ఎముక పట్టింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "మీరు మాట విన్నారు. చాలామంది వినరు," అంది. మరలు దించారు, మళ్ళీ కొన్నాళ్ళు ఆగారు, చివరికి వాటి మీద పళ్ళు కట్టారు. ఆ రోజుతో నా ఉద్యోగం అయిపోయింది. కొత్తవి నాకన్నా అందంగా ఏమీ లేవు. నా రంగే వాటికీ ఇచ్చారు. కాకపోతే అవి కదలవు.

అంతటితో పాట వచ్చేసిందనుకోకండి. మొదటిసారి ఊదినప్పుడు బాతు అరిచినట్టు వచ్చింది. ఇన్నేళ్ళలో పెదవులు పని మర్చిపోయాయి. అతని ముఖం తెల్లబోయింది. "ఎముక నిలబడింది గాని నేను నిలబడలా," అన్నాడు.

"నడవటం మర్చిపోయినోడు మొదటిరోజే పరిగెత్తుతాడా?" అంది హుస్సేన్‌బీ, బియ్యం ఏరుతూ.

రోజూ కూర్చున్నాడు. పక్కింటివాళ్ళు తలుపులు వేసుకున్నారు. కొన్నాళ్ళకు వేసుకోవడం మానేశారు.

ఇప్పుడు నేను హుస్సేన్‌బీ గుండీలు దాచుకునే డబ్బాలో ఉన్నాను. పారెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు, ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు. నాలాంటివాటికి ఇళ్ళలో చోటు ఇలాగే దొరుకుతుంది. మూత పడకముందు, కిటికీలో గ్లాసులో ఉండగా చూసిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటాను.

ఒక సాయంత్రం అతను పొడుగ్గా ఒక స్వరం పట్టాడు. వణకలేదు, చీలలేదు. ఉన్నట్టుండి ఆపేసి, కొత్త పళ్ళ పైన చిగురు మీద వేలు పెట్టుకున్నాడు.

"ఏమైంది, నొప్పా?" అంది ఆమె కంగారుగా.

"నొప్పి కాదు. ముందులాగే ఎముకలోంచి చెవికొస్తంది పాట. బయట వినపడేది వేరు, ఇది వేరు. నీకెట్టా చెప్పేది?"

ఆమె చేట కింద పెట్టి వచ్చింది. అరచేయి చీరకు తుడుచుకుని, అతని చెంప మీద, దవడ దగ్గర ఆనించింది.

"ఊదు."

అతను ఊదాడు. ఆమె తల కొంచెం వంచి, ఎవరో తలుపవతల మాట్లాడుతుంటే వింటున్నట్టు నిలబడింది. ఆ స్వరం అయిపోయి, ఇంకొకటి మొదలై, అదీ అయిపోయాక కూడా ఆమె చెయ్యి తియ్యలేదు.