ఆత్మారాం ఆడిన ఆట

మా మనవరాలు సునంద ఆ ఎండాకాలం నిజామాబాద్ నుంచి కోటగిరికి వస్తూ బట్టల మూట కన్నా ముందు ఒక నల్లడబ్బా దించింది. వాళ్ళ నాన్నకు బస్టాండు దగ్గర వీడియో గేముల దుకాణం ఉంది. ఆ డబ్బా టీవీకి తగిలిస్తే బొమ్మలు కొట్టుకుంటాయట. పిల్లల ఆటే కదా అని నేను చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను.

తెర మీద ఒకడు లేచాడు. మెడలో ఎద్దు గంట, చేతిలో కొడవలి, కళ్ళు నిప్పులు.

"ఎవడే వీడు? ఎవల మీద గంత కోపం?"

"నది దేవుడు వీని పొలం ముంచిండు అవ్వా. పెండ్లాం, పిల్లలు కొట్టుకపోయిండ్రు. గందుకే పాతాళం దాకా పోయి ఆ దేవుని తలకాయలు నరుకుతడు."

"దేవుణ్ణా?"

"దేవుణ్ణే."

చింతపండు పక్కన పెట్టేశాను.

చిన్నప్పుడు బైండ్లవాళ్ళు జమిడిక వాయిస్తూ అమ్మవారి కథ చెబుతూ, కొడుకు గొడ్డలితో తల్లి తల నరికే చోటికి వస్తే నా ఒళ్ళు జలదరించేది. ఇప్పుడూ అట్లాగే జలదరించింది. కానీ అక్కడ గొడ్డలి బైండ్లవాని నోట్లో ఉండేది. ఇక్కడ కొడవలి నా మనవరాలి చేతిలో ఉంది.

"ఎడమ దిక్కు తల! గా నవ్వే తల! నరుకవే!" అని అరిచాను.

"నీ పొలం మునిగినట్టు జేస్తవేందే అవ్వా!" అని సునంద నవ్వింది.

మునిగింది కాబట్టే.

ఆత్మారాం మా పాలివాడు, నాకు వరసకు మరిది. అతని చెరుకు చేను మా కళ్ళానికి పై గట్టున ఉండేది. సునంద తల్లికి ఇంకా పెళ్ళికాని రోజుల్లో, ఒక ఏడు మేము పసుపు ఉడకబెట్టి కళ్ళంలో ఆరబోశాం. ఆత్మారాం తన చెరుకు కోసం కాలువ తూము ఎత్తి, మా వైపు గండి పూడ్చకుండా ఇంటికి పోయి పడుకున్నాడు. తెల్లారేసరికి మా పసుపంతా బురద నీళ్ళలో ఉంది. మళ్ళీ ఎండబెడితే నల్లబడిపోయింది. మా ఆయన ఆ కళ్ళంలోనే కూలబడ్డాడు. వానలు పడకముందే పోయాడు. పంచాయితీలో ఆత్మారాం మీసం దువ్వుకుంటూ, "తూము నేను ఎత్తలే. నీళ్ళకు కండ్లుంటయా వదినె?" అన్నాడు. ఎత్తగా చూసినవాళ్ళు లేరు.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, వాడి నోట నిజం వచ్చేదాకా మా గడపకు పసుపు పెట్టనని. పసుపు పండించే ఇంట్లో బోసి గడప! పండుగ పూట వచ్చిన ఆడవాళ్ళు దాన్ని చూసి మొహం తిప్పుకునేవారు. పసుపు వేయడం మాత్రం నేను మానలేదు. నీళ్ళు ఎక్కని మెరక చేనుకు మార్చాను, అంతే.

సునంద దగ్గర ఆ డబ్బా మీటలు నొక్కడం నేనూ నేర్చుకున్నాను. వేళ్ళు కొంకర్లు పోయినా వదిలేదాన్ని కాదు. ప్రతి తలకూ ఆత్మారాం మీసమే కనపడేది. చచ్చిన దేవుడు ఆట మళ్ళీ మొదలుపెడితే లేచేవాడు. అదే నాకు నచ్చింది. ఒక్కసారి చంపితే తీరే కోపం కాదు నాది.

మిరగం కార్తె ముందర, విత్తే వేళకు, ఆత్మారామే మా ఇంటికి వచ్చాడు. ఆ ఏడు ఊరంతా పసుపుకు దుంపకుళ్ళు పట్టింది. మెరకలో ఉన్న నా విత్తనపు కొమ్ములు మాత్రం బతికాయి. అతని మీసం తెల్లబడింది.

"వదినె, జర విత్తనం కావాలె. నువ్వు ఇయ్యకుంటే ఈ ఏడు నా చేను బీడే."

"కూసో ఆత్మారాం. గీ ఆట ఆడు."

"ఆటనా? నాకేం ఎరుక?"

"సునంద సెప్తది. విత్తనం కావాల్నా, వద్దా?"

పొలం మునిగే మొదటి ఘట్టం పెట్టమన్నాను. అక్కడ గెలుపు లేదు. ఎంత బాగా ఆడినా గట్టు తెగాల్సిందే, కథే అట్లా కట్టారు. ఆ సంగతి సునందకు తెలుసు, నాకు తెలుసు. ఆత్మారాంకు తెలియదు.

గట్టుకు మట్టి పోశాడు. నీళ్ళు దూకాయి. ఎద్దు కొట్టుకుపోయింది.

"మళ్ళ పెట్టు బిడ్డా," అన్నాను.

"తాతా, జల్ది! అటు గండి పూడ్చు!"

"పూడుతలేదు బిడ్డా!" నుదుటి మీద చెమట పట్టింది.

"మళ్ళ పెట్టు."

ఎన్నిసార్లు మునిగాడో, చివరికి ఆ మీటల పలక కింద పెట్టేశాడు. "ఆగుతలెవ్వు వదినె. ఏం జేసినా నీళ్ళు ఆగుతలెవ్వు."

"నీళ్ళకు కండ్లుంటయా ఆత్మారాం?"

తల వంచుకున్నాడు. టీవీలో ఎద్దు గంట ఒక్కటే మోగుతోంది.

"తూము నేనే ఎత్తిన. నీ దిక్కు గండి ఉన్నది సుత ఎరుకే. నా సెరుకు తడిస్తె సాలనుకున్న."

"గట్టిగ అను. పక్కింటి రాములవ్వకు ఇనవడాలె."

గట్టిగా అన్నాడు. గోడ అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఇగ విత్తనం, వదినె?"

"ఏం విత్తనం? ఆడుమన్న, ఆడినవు. ఇస్తనని నేనెప్పుడన్న?"

అతను గడప దాటి చెప్పులు వెతుక్కునేలోపే గిన్నెలో పసుపు కలిపాను. మా మెరక చేను పసుపు. గడపకు ఈ కొస నుంచి ఆ కొస దాకా రాశాను. వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. చూడాలనే మెల్లగా రాశాను.

చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి సునంద డబ్బా వైర్లు పీకబోతోంది.

"ఆగవే," అన్నాను. "గా నవ్వే తల ఇంక మిగిలే ఉన్నది."