కర్టిస్ కోసం కాల్చిన తూటాలు

మా ఊళ్లో సైన్యంలో చేసినవాళ్లు ఎవరు పోయినా శ్మశానంలో ఏడుగురం ముసలివాళ్లం తుపాకులు పట్టుకుని నిలబడతాం. తలా మూడుసార్లు గాల్లోకి కాలుస్తాం. గుండు ఉండదు, మోత మాత్రమే. ఆ తరువాత గడ్డిలో పడ్డ ఇరవై ఒక్క ఖాళీ తూటాల ఇత్తడి గుల్లల్ని నేను ఏరుతాను. వాటిలో మూడింటిని తళతళలాడేలా తోమి ఇంటివాళ్ల చేతిలో పెట్టడం మా ఆనవాయితీ.

తోమే పని నాది. జింకల వేటకు నా తూటాలు నేనే నింపుకుంటాను కనుక, దానికి కావలసిన మిషన్ నా గరాజులో ఉంది. పెద్ద డబ్బా అది. అందులో మొక్కజొన్న కండెల రవ్వ పోసి, మసి పట్టిన గుల్లలు వేసి మీట నొక్కితే, గుర్రుమంటూ వణుకుతుంది. మూడు గంటలకు గుల్లలు కొత్త బంగారంలా బయటికొస్తాయి.

చిక్కంతా ఆ మూడు గంటలతోనే. ఏడుస్తున్నవాళ్లను చలిలో అంతసేపు నిలబెట్టలేం కదా. అందుకని కిందటి చావుకు కాల్చినవి తోమి సీసాలో దాచి, ఈ చావుకు ఇస్తాను, ఈ చావువి వచ్చే చావుకు. పదిహేనేళ్లుగా ఇలాగే నెట్టుకొస్తున్నాను. ఎవరైనా "ఇవి మా నాన్నకి కాల్చినవేనా?" అని అడిగితే "అవునమ్మా" అంటాను. ఇత్తడికి పేరుంటుందా, ఊరుంటుందా? ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, నా పక్కనే నిలబడి కాల్చే ఓరిన్‌కి కూడా.

అక్టోబరులో మా అబ్బాయి కర్టిస్ పోయాడు. నలభై నాలుగేళ్లు. రెండుసార్లు యుద్ధానికి పోయి ఒంటిమీద గీత పడకుండా వచ్చినవాడు, దాణా కొట్టు ముందు ట్రక్కులో కూర్చుని గుండె ఆగి పోయాడు. ఫోన్ వచ్చేసరికి నేను గుడ్లు వేయించుకుంటున్నాను. అంతా విన్నాను. పొయ్యి ఆర్పి, ఆ గుడ్లు తిన్నాను. ఎలా తిన్నానో నాకిప్పటికీ తెలియదు.

శ్మశానంలోనూ అంతే. "ఇవాళ నువ్వు కూర్చోరా లీలండ్," అని అందరూ అన్నా వినకుండా వరుసలో నిలబడి మూడుసార్లు కాల్చాను. చెవులు గుయ్యిమన్నాయి, అంతకు మించి ఏమీ లేదు. వంగి గుల్లలు ఏరి, లెక్క చూసుకుని కోటు కుడిజేబులో వేసుకున్నాను. తోమినవి మూడు ఎడమజేబులో ఉన్నాయి. కోడలు మార్లిస్ ముందుకు వెళ్లి నిలబడ్డాను. చెయ్యి దానంతటదే ఎడమజేబులోకి పోయింది.

"మామయ్యా, ఇవి ఆయనకి కాల్చినవేనా?" అంది.

"అవునమ్మా," అంది నా నోరు.

చర్చి కింది గదిలో భోజనాలు పెట్టారు. మార్లిస్ ఆ మూడూ గుప్పిట్లో పట్టుకునే, రెండో చేత్తో బంగాళాదుంపలు కెలుకుతూ కూర్చుంది. కాసేపటికి గుప్పిట విప్పింది.

"ఒకటి నాకు, ఒకటి పిల్లకి. ఇది మీరు ఉంచుకోండి మామయ్యా."

తీసుకున్నాను. అది కిందటి నెల వెండెల్ హాగ కోసం కాల్చింది. బతికున్నన్నాళ్లూ వాడికీ నాకూ ఉప్పూ నిప్పే. వాడి గుల్ల నా చేతిలో పెట్టి నా కోడలు నన్ను ఓదారుస్తోంది. అప్పుడు అనుకున్నాను, ఇంటికి పోయి కర్టిస్‌వి మూడు తోమి, ఎలాగోలా ఇవి మార్చేయాలని. ఆ వారంలో నేను కావాలనుకున్నది అదొక్కటే.

వెళ్లబోతూ చూస్తే కొక్కేనికి నా కోటు లేదు. ఓరిన్ మీ ఇంట్లో పెడతానని తీసుకెళ్లాడన్నారు. మార్లిస్‌నీ మనవరాలినీ దిగబెట్టి నేను ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. గరాజులోంచి గుర్రుమని చప్పుడు వస్తోంది.

"వచ్చావా ముసలాడా! అలా కూర్చో. అన్నీ వేసేశాను," అన్నాడు ఓరిన్.

"అన్నీ అంటే?"

"నీ కోటులోవీ, ఆ సీసాలోవీ. అవీ కాస్త మసకబారాయిలే. ఒక్క పూటైనా పనికి దూరంగా ఉండవేంట్రా నువ్వు?"

మూత తీశాను. యాభై పైచిలుకు గుల్లలు, అన్నీ ఒకే రంగు, ఒకే ముద్ర. రవ్వ జల్లించి ఒక్కొక్కటే దీపం కిందికి పట్టుకుని చూశాను. ఏం గుర్తు పడదామని? మేలు చేయబోతే కీడు ఎదురవడమంటే ఇదే, కానీ కీడు తెచ్చింది వాడు కాదు.

"ఏం వెతుకుతున్నావురా?"

"మావాడివి."

"మార్లిస్‌కి ఇచ్చావుగా?"

చెప్పాను. పదిహేనేళ్లదీ చెప్పాను. ఓరిన్ కుర్చీలోంచి లేచాడు.

"మరి మా తమ్ముడు పోయినప్పటివి?"

"తెలీదు."

"మా మరదలు ఒకటి మెడలో గొలుసుకి వేసుకు తిరుగుతోందిరా."

"తెలుసు."

టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు కూడా వెయ్యలేదు. నాకు సిగ్గేసింది. అయినా ఏడుపు మాత్రం రాలేదు.

మరుసటి శనివారం ఇంకో చావు. ఒకప్పుడు సైన్యంలో నర్సుగా చేసిన ముసలావిడ. ఓరిన్ వరుసలో ఆ చివరికి పోయి నిలబడ్డాడు, నా వంక చూడలేదు. కాల్చాం, ఏరాను. మెరిసేవి మూడు తీసుకెళ్లి ఆవిడ భర్త చేతిలో పెట్టాను. ఎనభై దాటిన మనిషి, పేరు హార్లన్.

"ఇవి మా ఆవిడకి కాల్చినవేనా?" అన్నాడు.

"కాదండీ," అన్నాను. "ఇవి మా అబ్బాయివి కావచ్చు, ఇంకెవరివైనా కావచ్చు. ఆవిడవి నా జేబులో ఉన్నాయి, అంతా మసి. సాయంత్రానికి తోమి మీ ఇంటికి తెచ్చిస్తాను."

ఆయన ఆ మూడూ నా చేతిలో తిరిగి పెట్టేశాడు.

"మసైతే ఏమైందయ్యా? అవే ఇచ్చెయ్."

కుడిజేబులోంచి మూడు తీసి ఇచ్చాను. ఇంకా తుపాకిమందు వాసన వేస్తున్నాయి. ఆయన అరచెయ్యి నల్లగా అయింది. అలాగే గుప్పిట మూసుకుని కారు వైపు నడిచాడు.

కర్టిస్‌వి కూడా ఆ రోజు ఇలాగే మసితో నా జేబులో ఉన్నాయి. తీసి ఇచ్చేస్తే సరిపోయేది. మార్లిస్ కాదనేది కాదు. నేను అక్కడే, తడిగడ్డిలో కూలబడి ఏడ్చాను.