జవాబు చెప్పే మనిషి

పుంటికూర ఆకు తెంపుతూ కూర్చుంటే నాకు నిద్ర కాని నిద్ర ఒకటి కమ్ముకొస్తుంది. వేళ్లు వాటి పని అవి చేసుకుంటాయి. కాడ ఇటు, ఆకు అటు. నేను మాత్రం ఎక్కడో ఉంటాను. ఆ ఆదివారం పొద్దున నేను హైదరాబాదులో ఉన్నాను, నాకింకా ఇవ్వని ప్రభుత్వ క్వార్టర్లో, ఒక గదిలో. కిటికీ తెరిచి ఉంది. బయట ఏదో చెట్టు, ఏం చెట్టో తెలియదు, గాలికి దాని నీడ గచ్చు మీద అటూ ఇటూ జరుగుతోంది. గదిలో ఒక కుర్చీ, ఒక మంచం, టీ తాగే గ్లాసు ఒకటే. ఎవరో తలుపు దగ్గర నిలబడి నన్నేదో అడుగుతున్నారు. నేను నోరు తెరవబోతున్నాను. సరిగ్గా అప్పుడే పక్కింటి శకుంతల వదిన లోపలికొచ్చి, హైదరాబాదు పోతాన్నవట గదా శారదా, నిజమేనా అని అడిగింది. నేను తలెత్తేలోపు హాల్లోంచి, పేపరు వెనక నుంచి, మా ఆయన జవాబు చెప్పేశారు.

"యాడికి పోతది వదినె. వాళ్లు ఊకె అడిగిన్రు, అంతే."

వదిన నన్ను అడిగి, ఆయన చెప్పింది విని, వెళ్లిపోయింది. ఆమెకు అందులో వింతేమీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ కనిపించలేదు.

నేను విజిలెన్సులో అదనపు డైరెక్టర్ని. ప్రభుత్వ సొమ్ము ఎక్కడ పక్కదారి పట్టినా, ఏ హాస్టల్లో ఏ పిల్ల మీద చెయ్యి పడినా, వరంగల్ చుట్టుపక్కల విచారణకు నన్నే పంపుతారు. నేను గదిలోకి వస్తే పెద్ద పెద్ద అధికారులు కూడా చొక్కా గుండీలు సర్దుకుంటారు. ఇప్పుడు హాస్టళ్లలో, అనాథాశ్రమాల్లో జరిగే మోసాలూ వేధింపులూ చూడటానికి రాష్ట్రమంతటికీ కలిపి కొత్తగా ఒక విభాగం పెడుతున్నారు. దాన్ని నడపడానికి వస్తారా అని సెక్రటరీ గారు నన్ను అడిగారు. నాకు పోవాలనుంది. ఇంత గట్టిగా దేన్నైనా కోరుకుని చాలా కాలమైంది. ఆలోచించి వచ్చేవారం చెబుతానన్నాను కానీ ఆలోచించడానికేమీ లేదు. వస్తాను అనే ఆ మాటను కొన్నాళ్లు లోపలే ఉంచుకుని బెల్లంముక్కలా చప్పరించాలనిపించింది, అంతే.

మా ఆయన పేరు పండరి. కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతారు. నాకు శ్రమ తగ్గించడానికి నా మాటలు తాను మాట్లాడుతున్నానని నమ్ముతారు. వంట, ఉతుకు, మా అత్త యాకమ్మ షుగరు మందులు, చుట్టాల పెళ్లిళ్లకు చీరలు కొనడం, ఈ శ్రమలు మాత్రం ఆయన కంటికి ఆనవు. నా ఫోను మోగితే నాకంటే ముందు ఎత్తుతారు. పెళ్లిచూపుల్లో నన్ను ఏం చదివావని అడిగితే మా నాన్న చెప్పాడు. ఆ పని ఆ తర్వాత ఈయనకు వచ్చింది. ఓసారి పక్కటెముకల కింద నొప్పి వస్తే దవాఖానకు పోయాం. డాక్టరు నా మొహంలోకి చూసి ఎక్కడమ్మా నొప్పి అని అడిగాడు. నడుములల్ల సార్, ఆఫీసుల ఒక్కతీరుగ కూసుంటది అన్నారు మా ఆయన. ఆ నెలంతా లేని నడుము నొప్పికి మందులు మింగాను. పక్కటెముకల కింద నొప్పి దానంతటదే తగ్గింది, పాపం దాన్ని ఎవరూ పట్టించుకోలేదని. ఇక అత్తయ్యది ఇంకో తీరు. ఆఫీసుల ఎంత పెద్ద మేడమువైనా ఇంటికొస్తే నా కొడుకు పెండ్లానివే అంటుంది, నా చేతిలోంచి టీ గ్లాసు అందుకుంటూ.

మర్నాడు కాశిబుగ్గలో విచారణ. అక్కడ చేనేత ఆడవాళ్ల సహకార సంఘం ఒకటుంది. వాళ్లకు తక్కువ ధరకు అందాల్సిన నూలు వాళ్ల గడప తొక్కకుండానే పవర్‌లూమ్ సేటు దగ్గరికి పోయింది. ఆడవాళ్లు ఖాళీ మగ్గాల ముందు కూర్చున్నారు. నోరెత్తి అడిగినవాళ్లను సంఘంలోంచి తీసేశారు. నూలు ముట్టిందని రాసిన ప్రతిచోటా అధ్యక్షురాలు యాదవ్వ సంతకం ఉంది. నా కింద పనిచేసే భానుచందర్ కారెక్కినప్పటి నుంచి ఒకటే మాట, సంతకం ఆమెదే కాబట్టి కేసు ఆమె మీదే పెడదామని.

మధ్యాహ్నపు ఎండలో ఆ గల్లీ నీళ్ల అడుగున ఉన్నట్టుంది. రంగు అద్దిన నూలు ఒకటి రెండు ఇళ్ల ముందే దండేల మీద ఆరుతోంది. లోపల ఎక్కడో ఒక మగ్గం ఆడుతోంది, ఆగుతోంది, మళ్లీ ఆడుతోంది. నేను నడుస్తున్నానో తేలుతున్నానో తెలియలేదు. మా అమ్మ ఇలాంటి గల్లీలోనే జంపఖానాలు నేసింది. నేసింది అమ్మే అయినా నేతగాడన్న పేరు మాత్రం నాన్నది. ఆ చప్పుడు వింటుంటే అమ్మ మగ్గం గుంటలో కూర్చుని నా వైపు చూసి నవ్వినట్టే అనిపించింది. భానుచందర్ మేడం, మేడం అని రెండుసార్లు పిలిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

యాదవ్వ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. సంఘం మీటింగులు ఎవరు పెడతారమ్మా అని అడిగాను. ఆమె గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో నిలబడ్డ ఆమె పెనిమిటి లక్ష్మీనర్సయ్య, ఆమెనే పెడతది మేడం అన్నాడు. నూలు దించుకున్నప్పుడు నువ్వున్నావా అన్నాను. ఉన్నది మేడం, దగ్గరుండి దింపిచ్చింది అన్నాడు. విసిగిపోయి, నీ ఒంట్లో ఎలా ఉంది యాదవ్వా అన్నాను. మంచిగున్నది మేడం అన్నాడు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అబ్బిన విద్య ఒకటుంది. పెళ్లాన్ని అడిగితే మొగుడు జవాబు చెబుతుంటే, ఆ మొగుడిని ఏదో ఒక పని మీద అవతలికి పంపాలి. గోదాము చూపించమని లక్ష్మీనర్సయ్యను భానుచందర్ వెంట తోలాను. వాళ్లు పోయాక ఆమె ఇంకో కండె అందుకుంది. రాట్నం తిరుగుతూనే ఉంది. దాన్నే చూస్తూ నేను మళ్లీ హైదరాబాదు గదిలోకి పోయాను, కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడ నిలబడి ఉండగానే యాదవ్వ గొంతు వినిపించింది.

"సంతకం నాదే మేడం. మాట నాది గాదు."

మరి ఎందుకు పెట్టావని అడిగాను.

"పెట్టుమన్నడు, పెట్టిన. నీకెందుకు ఫికరు, నేను చూసుకుంట అన్నడు. నూలు ఏదని ఆడోళ్లు నన్నే అడుగుతాన్రు. వాళ్లకు గూడ ఆయననే జవాబు చెప్తాండు." ఆమె రాట్నం ఆపింది. "నాకు జేలయితదా?"

నేను అబద్ధం చెప్పలేదు. సంతకం పెట్టినందుకు నిన్ను అడుగుతారు, పెట్టించినందుకు ఆయన్ని అడుగుతారు, ఇప్పుడు నాకు చెప్పింది అక్కడ కూడా నీ నోటితో నువ్వే చెప్పాలి అన్నాను. ఆమె మళ్లీ గుమ్మం వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. అయినా చూసింది. ఆ మెడ తిరిగే తీరు నాకు బాగా తెలుసు. కూర ఏం వండుతావంటే, వేరే ఊళ్లో చదివే మా కొడుకు ఎలా ఉన్నాడంటే, ఎవరు ఏది అడిగినా నా మెడ ముందు ఆయన వైపే తిరుగుతుంది. ఒకరి గుమ్మం వైపు చూస్తూ బతికిన మెడ నాది. యాదవ్వ కాసేపటికి నా వైపు తిరిగి, చెప్త మేడం అంది. రాట్నం మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

తిరిగి వస్తుంటే కారు పోచమ్మ మైదాన్ దగ్గర ఆగింది. అంతా ట్రాఫిక్కు. భానుచందర్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, కాస్త మొహమాటపడుతూ, మీరు హైదరాబాదు వద్దన్నరట గదా మేడం అన్నాడు. సెక్రటరీ పేషీలో అతని బావమరిది ఉన్నాడు. శనివారం సాయంత్రం సెక్రటరీ గారే ఫోను చేశారట. ఇంటికాడ పెద్దమనిషి ఉన్నది, ఆమెకు వీలుకాదు అని జవాబొచ్చిందట. రేపు ఇంకొకరి పేరు పంపుతున్నారట. శనివారం సాయంత్రం నేను స్నానం చేస్తున్నాను. ఫోను హాల్లో చార్జింగుకు పెట్టి ఉంది. అంటే ఆదివారం వదినకు జవాబు చెప్పే నాటికే నా సంగతి తేలిపోయింది. నేను కిటికీ అద్దానికి తల ఆనించాను. బయట ఆటోలు, అరటిపళ్ల బండ్లు అన్నీ చప్పుడు లేకుండా కదులుతున్నాయి. నా గదిలో చెట్టు నీడ కోసం వెతికాను. గచ్చు ఉంది, నీడ లేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయనా అత్తయ్యా టీవీ ముందున్నారు. చెప్పులు కూడా విడవకుండా అడిగాను. ఆయన దాచలేదు. దాచాల్సిన పని చేశానని ఆయనకు తోచలేదు మరి.

"ఫోనొచ్చింది. నువ్వు స్నానానికి పోయినవు. అడిగిన్రు, చెప్పిన."

"నన్ను అడగకుంటనే ఎట్ల చెప్పిన్రు?"

"నిన్ను అడిగితే మాత్రం ఏమంటవు? ఇన్నేండ్ల కాపురంల నాకు తెల్వదా?"

నాకు కోపం వచ్చింది. పెద్ద కోపం. ఇంతకుముందు ఎప్పుడైనా కోపం వస్తే దాన్ని కూడా ఆయనే నలుగురికీ ఆఫీసు టెన్షన్ అని తర్జుమా చేసి చెప్పేవారు. ఇప్పుడు కూడా అత్తయ్య వైపు తిరిగి ఆ మాటే అనబోతున్నారని ఆయన పెదాల కదలిక బట్టి నాకు అర్థమైంది. మనిషిని అడగకుండా ఆ మనిషి పేరు మీద మాట ఇచ్చేస్తే దాన్ని ఏమంటారో నాకు తెలుసు. రోజూ విచారణ రిపోర్టుల్లో రాసేదే. యాదవ్వ ఇంట్లో ఎవరి వైపు వేలు చూపించి వచ్చానో, వాడు నా ఇంట్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆ ఇస్త్రీ చేసింది కూడా నేనే.

టీ పెట్టవా అంది అత్తయ్య. టీవీ కట్టేశాను. ఫోను తీసి అక్కడే, వాళ్లిద్దరి మధ్య నిలబడి సెక్రటరీ గారికి కలిపాను. ఇగ ఎందుకు, పరువు తీస్తవా అన్నారు మా ఆయన మెల్లగా. నా మెడ అటు తిరగబోయింది. పట్టి ఆపాను.

శనివారం మీతో మాట్లాడింది నేను కాదు సార్ అన్నాను. ఆ జవాబు నాది కాదని, ఆ పని నేను తీసుకుంటానని, రమ్మన్న రోజు వస్తానని చెప్పాను. గొంతు కాస్త బొంగురుగా వచ్చింది, కానీ నాదే. అవతల సెక్రటరీ గారు కొంచెం తటపటాయించారు. మంచి మనిషే. ఇంకా పేరు పంపలేదు, రేపటిదాకా ఆలోచించుకోండి మేడం, ఇంట్లో వాళ్లకు చెప్పారా అని అడిగారు.

"ఇప్పుడే చెబుతున్నాను సార్," అన్నాను. "ఇద్దరూ వింటున్నారు."