పులిసిన గింజల కుండ గోడు

నేను ఒక కుండను. కుండ అనగానే మీకు చల్లని మంచినీళ్లు గుర్తుకొస్తాయేమో, ఆగండి. నా మీద మూకుడు తీస్తే మీరు ముక్కు మూసుకుంటారు. నాలో కోళ్లకు పెట్టే గింజలు పులుస్తాయి. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. సిగ్గుపడాల్సిన పనులు చేసినవాళ్లు వేరే ఉన్నారు.

నన్ను మంచినీళ్ల కోసమే కొన్నారు. విజయనగరం వైపు ఒక పల్లె సంతలో సన్నాసమ్మ నన్ను ఎత్తి, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. తీరా ఆ వేసవిలోనే ఆమె మొగుడు ఫ్రిజ్ తెచ్చాడు. అంతటితో నా వైభవం ముగిసింది. పెరట్లో పడేశారు. కోళ్లకు నూకలూ చోళ్లూ, అంటే రాగులు, నానబెట్టడానికి పనికొస్తానన్నారు. మనుషులు మోజుపడి తెచ్చుకున్నవాటిని ఎంత తొందరగా మరిచిపోతారో నాకు అప్పుడే తెలిసింది.

ఒకసారి సన్నాసమ్మ గింజలు నానబోసి, ఆ సంగతి మరిచిపోయి చుట్టాలింట్లో పెళ్లికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి నాలో బుడగలు. పుల్లటి వాసన పెరడంతా కమ్మేసింది. పారబోద్దామని వంచిందో లేదో, కోళ్లన్నీ ఎగబడ్డాయి. ఆ పూట అవి తిన్న తిండి చూసి ఆమె నోరు వెళ్లబెట్టింది. ఆ తర్వాత నన్ను పూర్తిగా ఖాళీ చేయలేదు. అడుగున కాస్త పాత నీళ్లు ఉంచి, వాటినే తోడుగా వేసి, కొత్త గింజలు పోసేది. పెరుగుకు తోడు పెట్టినట్టే. గుడ్ల పెంకు గట్టిపడింది, ఈకలకు నిగనిగ వచ్చింది. అప్పటినుంచి కోళ్లను నోటితో పిలవడం మానేసింది. నా మూకుడు కదిలితే చాలు, వచ్చి కాళ్లకు అడ్డం పడేవి.

వాటిలో బోడిమెడ కోడి ఒకటి ఉండేది. మెడ మీద ఒక్క ఈక లేదు. ఊళ్లో అలాంటిది ఇంకొకటి లేదు. సన్నాసమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న జాతికి అదే చివరిది. మిగిలినవన్నీ తెగుళ్లకూ గద్దలకూ పోయాయి. దానికీ వయసు పైబడింది. పొదుగుడుకొస్తే ఒక్కసారైనా దాని గుడ్లు పెట్టి పిల్లల్ని తీయించాలని ఆమె ఆశ. మూకుడు తీసినప్పుడల్లా మొదటి దోసెడు దానికే. అది కూడా నా అంచు మీద ముక్కు రాసుకుని మరీ తినేది. అది నాదే అనుకున్నాను. నా తెలివి అంతే.

కంచెకు అవతల తోడికోడలు పోలమ్మ ఉండేది. ఒకరోజు గ్లాసు పట్టుకుని వచ్చింది.

"అప్పా, మా కోల్లు ఏటీ తినడం నేదు. నీ పులుపు నీల్లు రవ్వంత పొయ్యవా?"

"దానికేటే, పట్టుకెల్లు," అని సన్నాసమ్మ గ్లాసు నిండా ముంచి ఇచ్చింది. నా లోపలి నీళ్లు ఇచ్చేటప్పుడు నన్నెవరూ అడగలేదు. అయినా సంతోషించాను. పక్కింట్లో నా బిడ్డ ఒకటి ఉంటుందనుకున్నాను.

ఆ బిడ్డే నా కొంప ముంచింది. పోలమ్మ తెల్లవారకముందే లేచే మనిషి. తన కుండ మూత ముందు తీసేది. అదే వాసన, అదే పులుపు. మా కోళ్లు ఒక్కొక్కటే కంచె దూరసాగాయి. బోడిమెడది అందరికంటే ముందు. తిన్నచోటే గుడ్డు పెట్టడం కోళ్లకు తప్పుగా తోచదు కదా! ఇక్కడ గుడ్లు పెట్టే గంప ఖాళీ. సన్నాసమ్మ పామును తిట్టింది, ముంగిసను తిట్టింది, కాకుల మీదికి రాళ్లు విసిరింది. ఆ వారంలోనే పోలమ్మ గిన్నెడు గుడ్ల పులుసు పంపింది. సన్నాసమ్మ లొట్టలేసుకుంటూ తిని, "మా పోలమ్మ మనసు బంగారం," అంది. తిన్నది తన కోడి గుడ్లేనని నాకు అప్పటికే అనుమానం. కుండకు నోరున్నా మాట లేదు.

కొన్నాళ్లకు పోలమ్మ గోధుమరంగు పెట్ట పిల్లల్ని లేపింది. అవి కీచుకీచుమంటూ కంచె దాటి మా పెరట్లోకి వచ్చాయి. సన్నాసమ్మ వంగి చూసింది. పిల్లలన్నిటికీ మెడలు బోడి.

"పోలీ! ఇవెక్కడివే?"

"మీ కోడే వొచ్చి మా సూరు కింద ఎట్టింది. నానేటి పిలిసినానా అప్పా?"

"పిలిసినావే! నా నీల్లతోనే పిలిసినావు. నా పుట్టింటి కోడి పిల్లల్ని నీ పెట్ట కింద నేపుకుని, నాకే పులుసంపినావా?"

పోలమ్మ తల దించుకుంది. సన్నాసమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నమ్మిన మనిషి చేతిలో మోసపోతే కడుపు ఎలా మండుతుందో నాకు చెప్పనక్కర్లేదు, నాదీ అదే మంట. తోడికోడలిని కొట్టలేదు, కోడిని కొట్టలేదు. ఆమె చేతికి అందింది నేను. ఎత్తి కంచెకేసి విసిరింది. నా మెడ, భుజాలు పెంకులైపోయాయి. అడుగుభాగం మిగిలింది. నేలపాలైన గింజల మీదికి మొదట ఉరికింది ఎవరనుకున్నారు? బోడిమెడదే. నా పెంకుల మధ్య ఏరుకుని తింది.

ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. సన్నాసమ్మ ప్లాస్టిక్ డబ్బాలో గింజలు నానబెట్టింది. తోడూ లేదు, నా మట్టి గోడలూ లేవు కదా, బూజు పట్టి కంపు కొట్టింది. ఒక్క కోడీ మూతి పెట్టలేదు. నేను కంచె మొదట్లో పడి చూస్తూ, నిజం చెప్పాలంటే, కాస్త సంతోషించాను.

ఒక మధ్యాహ్నం పోలమ్మ వచ్చింది. ఒక చేతిలో చెంబు, చంకలో బోడిమెడ కోడి, కొంగులో గుడ్లు.

"నీ నీల్లే అప్పా, నా కాడ బతికున్నాయి. ఇది పొదుగుడుకొచ్చింది. గుడ్లు దీనివే, ఒక్కటీ తిన్నేదు. ఈసారి నీ ఇంట్లోనే కూకోనీ."

సన్నాసమ్మ లేచి చెంబు అందుకుంది. తర్వాత, "ఎండలో నిలబడ్డావేటే, నీడకి రా," అంది. అంతే. ఇద్దరూ కూర్చుని నవ్వుకున్నారు కూడా. చెంబులో నీళ్లు, నా నీళ్లు, ప్లాస్టిక్ డబ్బాలో పోశారు. నా వైపు ఎవరూ చూడలేదు. తగువు వాళ్లది, రాజీ వాళ్లది, పగిలింది మాత్రం నేను.

అలా చూడకుండా ఉండిపోయినా బాగుండేది. కోడిని కూర్చోబెట్టడానికి గంప చివికిపోయి ఉంది. సన్నాసమ్మ చూపు నా మీద పడింది. నా అడుగుభాగాన్ని తెచ్చి, బూడిద పోసి, గడ్డి పరిచి, గుడ్లు పేర్చింది. బోడిమెడది ఏ మొహమాటమూ లేకుండా వచ్చి నాలో కూర్చుంది.

ఇప్పుడది నా మీదే ఉంది. దాని పొట్ట వెచ్చగా తగులుతోంది. రోజుకొకసారి దిగి, ఆ ప్లాస్టిక్ డబ్బా దగ్గర తినివస్తుంది. ఒళ్లంతా నా పాత పులుపు వాసన. సన్నాసమ్మ వచ్చి, గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని వింటుంది, నన్ను కొన్ననాడు విన్నట్టే.

క్షమించేశానని మాత్రం అనుకోకండి. ఆ కోడినీ క్షమించలేదు, ఆ ఇద్దరినీ క్షమించలేదు. గుండ్రటి అడుగు కదా, కాస్త ఒరిగితే చాలు, అన్నీ దొర్లి పగిలిపోతాయి. ఒరగడం లేదు. లోపల పిల్లలు కదులుతున్నాయి.