ఆడబిడ్డ పేరు

ఉదయశ్రీ సిరిసిల్ల నుంచి సూరత్‌కు కాపురానికి వచ్చేనాటికి, లింబాయత్‌లోని ఆ ఇంట్లో ఆడబిడ్డ శ్రీలేఖ చనిపోయి ఏడాదైనా తిరగలేదు. పెళ్లి కుదిరాక కామెర్లొచ్చి పోయిందా పిల్ల. కూతురి దిగులుతో అత్త లచ్చవ్వ మంచానికి అతుక్కుపోయింది. పలకరిస్తే పలికేది కాదు, పెడితే తినేది కాదు.

ఒకనాడు ముసురుకు చీరలు ఆరక, ఉదయశ్రీ పెట్టెలోంచి శ్రీలేఖ చిలకపచ్చ పంజాబీ డ్రెస్సు తీసి వేసుకుంది. గంజి పట్టుకుని వెళ్తే లచ్చవ్వ చప్పున లేచి కూర్చుంది.

“లేఖా! వచ్చినవా బిడ్డా?”

ఉదయశ్రీ తెల్లబోయి భర్తవైపు చూసింది. వినోద్ కళ్లలో నీళ్లు.

“ఆ అను. జర అమ్మను బతకనియ్యి” అన్నాడు గుసగుసగా.

ఆమె “ఆ” అంది. లచ్చవ్వ గిన్నెడు గంజీ తాగింది.

ఆ ఒక్క మాటే మెడకు చుట్టుకుంది. సాయంత్రాలు టీవీలో ఒక సీరియల్ వచ్చేది. కూతురిని పోగొట్టుకున్న జమీందారిణి, ఇంటికొచ్చిన నర్సు పిల్లను కూతురి పేరుతో పిలుస్తూ ఉంటుంది. “మన లెక్కనే ఉన్నది” అని మురిసిపోయేది లచ్చవ్వ. అందులో ఆ తల్లి ఏం చేస్తే తెల్లారి ఇక్కడ ఈమె అది చేసేది. “పెండ్లిగాని పిల్లకు మట్టెలేంది?” అని కోడలి మెట్టెలు తీయించింది. “అన్నా చెల్లెండ్లు ఒక అర్రల పండుతరా?” అని కొడుకు పడకను వరండాలో వేయించింది. సిరిసిల్ల నుంచి ఉదయశ్రీ తల్లి ఫోన్ చేస్తే తానే ఎత్తి, “గా పేరుగల్ల పిల్ల ఈడ లేదు” అని పెట్టేసింది.

వినోద్ అన్నిటికీ ఒకటే మాట. “కొన్నొద్దులు ఓర్సుకో.”

పక్కింటి మౌక్తిక శ్రీలేఖతో కలిసి చదువుకున్న పిల్ల. ఒకరోజు గోడ మీదుగా అంది: “వదినా, ఆ సీరియల్ పూరా కాపీ. పాత హిందీ భూతాల సినిమా నుంచి తీసిన్రు. లాస్టుకు ఏమైతదో సూస్తవా?”

చుట్టూ మరమగ్గాలకు సెలవున్న మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెచ్చింది. చప్పుడు లేని గల్లీ కొత్తగా అనిపించింది. లచ్చవ్వ కూడా పక్కన చేరింది, వినోద్ వాకిట్లో నిలబడి చూస్తున్నాడు.

నలుపు తెలుపు సినిమా. కొండ మీద హవేలీ, ఎడతెగని వాన, ఎక్కడినుంచో పియానో. సీరియల్‌లో ఉన్నట్టు దేవుళ్లూ మొక్కులూ లేవు. ఇందులోనూ కూతురి పేరుతో పిలిపించుకునే పిల్ల రోజురోజుకూ పాలిపోతుంది. చివరికి కన్నతల్లి వానలో తడుస్తూ గేటు దగ్గరికొచ్చి పిలిస్తే, కిటికీలోంచి చూసి “ఎవరావిడ?” అంటుంది. ఉదయశ్రీకి ఒళ్లు జలదరించింది. చున్నీ చెంగు నోట్లో కుక్కుకుంది.

అంతలో హవేలీ యజమానురాలు ఠాకురాణి దీపం పట్టుకుని నేలమాళిగ తలుపు తెరిచింది. లోపల కుర్చీలో, పెళ్లిబట్టల్లో అసలు కూతురి శవం ఎండిపోయి కూర్చుని ఉంది.

లచ్చవ్వ ముందుకు వంగింది.

“గట్ల కూసోబెట్టిందా? కాలబెట్టలేదా?”

ముసలామె వాకిట్లోని కొడుకును చూసింది.

“మనం కాలబెట్టినం గదరా వినోదూ? అశ్వినీకుమార్ శ్మశానం కాడ, తాపీ నది ఒడ్డుకు. నువ్వే గద నిప్పు వెట్టింది?” నెమ్మదిగా కోడలివైపు తిరిగింది. “మరి నువ్వెవరివి?”

వాకిట్లో నిలబడ్డ వినోద్ చేతులు జోడించాడు. లేఖనని చెప్పు, అని కళ్లతోనే బతిమాలాడు. మౌక్తిక ల్యాప్‌టాప్ మూసేసింది.

ఉదయశ్రీకి గేటు దగ్గర తడుస్తున్న ఆ తల్లే కళ్లముందు నిలిచింది.

“ఉదయను, అత్తమ్మా. మీ కోడల్ని. లేఖ సచ్చిపోయింది.”

లచ్చవ్వ ఒక్క క్షణం చూసి గుండెలు బాదుకుంది. “నా బిడ్డో! గిప్పుడే సచ్చిపోయెనో!” ఆ ఏడుపుకు గల్లీకి గల్లీ పరుగెత్తుకొచ్చింది. అప్పుడే శవం లేచిన ఇంట్లోలా ఆడవాళ్లు ఆమెను పట్టుకుని కూర్చున్నారు. లేఖ పోయినప్పుడు కూడా ఇంతగా ఏడవలేదని ఒకామె అంది.

“ఒక్క మాట. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోతుండె నీది?” అన్నాడు వినోద్.

“నేనే పోతుంటి” అంది ఉదయశ్రీ.

లచ్చవ్వ మళ్లీ మంచమెక్కింది. మౌక్తిక తల్లి వచ్చి తినిపిస్తే రెండు ముద్దలు మింగేది. కోడలు గదిలోకొస్తే గోడవైపు తిరిగేది. దసరాకు ముందే ప్రాణం విడిచింది.

అంత్యక్రియలకు సిరిసిల్ల నుంచి తల్లి వచ్చింది. “నాతోని వస్తవా?” అని అడిగింది. ఉదయశ్రీ లోపలికి చూసింది. వినోద్ ఖాళీ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. అతను తలెత్తలేదు, ఉండమనీ అనలేదు.

ఆమె బట్టలు సర్దుకుంది.